శంషాబాదు విమానాశ్రయము - కార్మిక వలసలు

శంషాబాదు తెలంగాణ రాష్ట్రములోని రంగారెడ్డి జిల్లాకు చెందిన పట్టణము. హైదరాబాదు నగరానికి సేవలందించే రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము ఇక్కడ ఉన్నది. తెలుగు ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు కూలి పనులకు పోయేవారు, అమెరికా తదితర దేశాలకు చదువుకు, ఉద్యోగాలకు పోయేవారు అధిక సంఖ్యలో ఈ విమానాశ్రయము గుండా ప్రయాణిస్తారు. మరొక వైపు శంషాబాదు, గగన్‌పహాడ్, కాటేదాన్ పరిసరాలలోని నిర్మాణ పనులకు, కర్మాగారాలకు బీహారు, ఉత్తర ప్రదేశ్, ఒడిషా, జార్ఖండ్ వంటి రాష్ట్రాల నుండి కార్మికులు వస్తున్నారు. ఈ విధముగా జనమును పంపే ప్రాంతము, జనమును స్వీకరించే ప్రాంతము ఒకటే కావడము వలన, వలసల ఆర్థిక శాస్త్రములోని ముఖ్యమైన అంశాలను అర్థము చేసుకొనుటకు ఈ ప్రాంతము మంచి ఉదాహరణగా నిలుస్తుంది.

విమానాశ్రయ నేపథ్యము

2008కి ముందు హైదరాబాదు విమానాశ్రయము బేగంపేటలో ఉండేది. నగరము మధ్యలో ఉండుటచే దానిని విస్తరించుటకు అవకాశము లేకపోయినది. కొత్త విమానాశ్రయమునకు 2005 మార్చి 16న శంకుస్థాపన జరిగినది. 2008 మార్చి 14న ప్రారంభోత్సవము జరుగగా, మార్చి 23 నుండి విమానాల రాకపోకలు మొదలైనవి. ఇది నగర కేంద్రమునకు దక్షిణముగా సుమారు 24 కిలోమీటర్ల దూరములో, దాదాపు 5,500 ఎకరాల విస్తీర్ణములో ఉన్నది. జి.ఎం.ఆర్. సంస్థ, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ భాగస్వామ్యముతో దీనిని నిర్మించినది. మొదట ఏడాదికి 1.2 కోట్ల మంది ప్రయాణీకుల సామర్థ్యముతో మొదలైన ఈ విమానాశ్రయమును 2023-24లో సుమారు 2.5 కోట్ల మంది ఉపయోగించుకున్నారు.

హైదరాబాదు నుండి గల్ఫ్ దేశాలకు నేరుగా విమానాలు పెరగక ముందు తెలంగాణ కార్మికులలో చాలామంది బొంబాయి వరకు రైలులోనో బస్సులోనో పోయి అక్కడ విమానము ఎక్కేవారు. దుబాయి, అబూ ధాబి, దోహా విమానాశ్రయాలు ఇతర ఖండాలకు మజిలీలు కావడము వలన, హైదరాబాదు నుండి బయలుదేరే ఒకే విమానములో దుబాయిలో దిగే తాపీ కూలీ, అక్కడ విమానము మారి అమెరికా పోయే విద్యార్థి పక్కపక్కన కూర్చుని ప్రయాణించడము సాధారణము.

చరిత్ర

ఈ ప్రాంతములో వలసలు విమానాశ్రయముతో మొదలైనవి కావు. చాంద్రాయణగుట్ట నుండి పహాడీ షరీఫ్ మీదుగా విమానాశ్రయము వైపు వచ్చే దారిలో బార్కస్ అనే పేట ఉన్నది. నిజాము కొలువులో సైనికులుగా పనిచేయుటకు యెమెన్ దేశములోని హద్రమౌత్ ప్రాంతము నుండి వచ్చిన అరబ్బులు ఇక్కడ నివసించారు. సైనిక నివాసాలను తెలిపే 'బ్యారక్స్' అనే మాటే 'బార్కస్' అయినది. అనగా ఒకప్పుడు అరబ్బులే ఉపాధి కొరకు హైదరాబాదుకు వచ్చారు. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన తరువాత ఆ కొలువులు పోయినవి. కొందరిని స్వదేశాలకు పంపివేశారు, మిగిలినవారు ఇక్కడే స్థిరపడ్డారు. చమురు సంపద పెరిగిన తరువాత వీరి సంతతివారు తిరిగి గల్ఫ్ దేశాలకు ఉపాధి కొరకు పోయారు.

తెలంగాణ నుండి బయటకు పోయిన వలసలలో బొంబాయి వలస పాతది. బొంబాయిలోని కామాటిపురకు ఆ పేరు నిజాము రాజ్యము నుండి పోయిన కామాటీల వలననే వచ్చినది. షోలాపూర్, భివండి పట్టణాలలోని మగ్గాల పనికి పద్మశాలీలు తరలిపోయారు. పాలమూరు కూలీలు మేస్త్రీల ద్వారా ముందుగా అప్పు తీసుకొని దేశము నలుమూలలా ఆనకట్టలు, కాలువల మట్టి పనులు చేశారు. తెలంగాణ ప్రజల బ్రతుకు తెరువును 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మూడు మాటలలో చెప్పడము వాడుకలో ఉన్నది.

కోస్తా ఆంధ్ర నుండి బ్రిటిషు కాలములో బర్మా, మారిషస్, ఫిజీ, మలయా, దక్షిణాఫ్రికాలకు వలసలు జరిగినవి. గోదావరి ముఖద్వారము వద్ద ఉన్న కోరంగి రేవు పేరుతోనే బర్మాలో తెలుగువారిని 'కొరంగీలు' అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా, ఓడల యజమానులు వారి స్థానములో బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిసి పాతవారిని తిరిగి తీసుకోవడముతో రెండు వర్గాల మధ్య అల్లర్లు చెలరేగి అనేకులు మరణించారు. పని దొరకని ఇద్దరు పేదలు ఒకరిపై ఒకరు తిరగబడుట వలసల చరిత్రలో తరచు కనిపిస్తుంది.

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరుగుటతో గల్ఫ్ దేశాలు రోడ్లు, భవనాలు, రేవుల నిర్మాణము పెద్ద ఎత్తున చేపట్టినవి. ఆ దేశాల జనాభా తక్కువ కావడము వలన బయటి కార్మికుల అవసరము ఏర్పడినది. కరీంనగర్, నిజామాబాదు, ఆదిలాబాదు, మెదక్ జిల్లాల నుండి పురుషులు, కడప జిల్లా నుండి ముఖ్యముగా కువైట్‌కు, ఉభయ గోదావరి జిల్లాల నుండి ఇంటిపనికి స్త్రీలు పోవడము ఆరంభమైనది.

వలసలకు కారణాలు - సిద్ధాంతాలు

వలసలను వివరించుటకు ఆర్థికవేత్తలు వేర్వేరు సిద్ధాంతాలను ప్రతిపాదించారు.

రావెన్‌స్టీన్ 1885లో లండనులో ప్రకటించిన వలస సూత్రాలు ఈ విషయములో మొదటివిగా చెప్పబడతాయి. ప్రతి వలస ప్రవాహానికి ఎదురుగా మరొక ప్రవాహము పుడుతుందని ఆయన గమనించాడు. శంషాబాదులో ఇది స్పష్టముగా కనిపిస్తుంది.

హారిస్, తొడారో 1970లో ప్రతిపాదించిన సిద్ధాంతము ప్రకారము, మనిషి కేవలము కూలి రేటును చూసి కదలడు. ఆ కూలి దొరికే అవకాశము ఎంత అనేది కూడా లెక్క వేసుకుంటాడు. పట్టణములో అందరికీ పని దొరకకపోయినా జనము వస్తూనే ఉండుటకు ఇది కారణము.

స్టార్క్, బ్లూమ్ 1985లో వలసను ఒక వ్యక్తి నిర్ణయముగా గాక కుటుంబ నిర్ణయముగా వివరించారు. వర్షాధారపు సేద్యము చేసే కుటుంబము ఒక కొడుకును ఊరిలో ఉంచి మరొకరిని దుబాయి పంపితే, ఒకే ఏడు రెండు ఆదాయాలూ పోయే ప్రమాదము తగ్గుతుంది. బోర్లు ఎండిపోయిన ఏడు దుబాయి సొమ్ము ఆదుకుంటుంది. ఉత్తర తెలంగాణలోని మెట్ట గ్రామాల వలసలకు ఈ సిద్ధాంతము బాగా సరిపోతుంది.

గల్ఫ్ వలసలు

చట్టాలు

విదేశాలకు కూలికి పోయేవారి విషయము 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము పరిధిలోకి వస్తుంది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉపాధికి పోవాలంటే ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి పొందవలెను. ఈ అనుమతి ఇచ్చే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయము ఒకటి హైదరాబాదులో ఉన్నది. 30 సంవత్సరాల లోపు స్త్రీలు ఈ కోవలో ఇంటిపనికి పోవుటకు అనుమతి లేదు. లైసెన్సు కల ఏజెంటు ఒక కార్మికుని వద్ద పన్ను కాక గరిష్ఠముగా 30,000 రూపాయలు మాత్రమే రుసుము తీసుకోవచ్చును. అనుమతితో పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద ప్రమాదములో మరణించినా, శాశ్వత వైకల్యము కలిగినా 10 లక్షల రూపాయల బీమా ఉన్నది.

విజిట్ వీసాపై పోయి అక్కడ పనిలో చేరేవారికి ఈ రక్షణలు వర్తించవు. 'ఆజాద్ వీసా' పేరుతో అమ్మే వీసాలు కూడా ఇటువంటివే. అందులో కాగితముపై ఒక యజమాని ఉంటాడు, పని మాత్రము వేరే చోట వెతుక్కోవలెను.

ఖర్చు, అప్పు

గల్ఫ్ వలసలో లాభనష్టాలను నిర్ణయించేది అక్కడి జీతము మాత్రమే కాదు, అక్కడికి చేరుటకు చేసిన అప్పు కూడా. దీనిని ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చును.

ఒక కార్మికుడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై లక్ష రూపాయలు అప్పు చేసి రెండేళ్ళ ఒప్పందముపై పోయాడనుకొందాము. అతని జీతము నెలకు 20,000 రూపాయలు, తిండి ఖర్చు 6,000 రూపాయలు. మిగిలిన 14,000 రూపాయలూ అప్పుకే కడితే 8 నెలలలో అప్పు తీరుతుంది. మిగతా 16 నెలల సంపాదన కుటుంబానికి దక్కుతుంది. అదే జీతము 12,000 రూపాయలైతే నెలకు 6,000 మాత్రమే మిగులుతుంది. అప్పుడు అప్పు తీరుటకు 21 నెలలు పడుతుంది. జీతము 40 శాతము తగ్గితే, కుటుంబానికి దక్కే కాలము 16 నెలల నుండి 3 నెలలకు పడిపోయినది. అప్పుతో కూడిన వలసలో కొద్దిపాటి జీతపు కోత కూడా వలస ఫలితమును తారుమారు చేయగలదని దీని వలన తెలుస్తుంది.

కనీస వేతనాల వివాదము

గల్ఫ్ దేశాలలో పనిచేసే భారతీయ కార్మికులకు ఇంతకంటే తక్కువ జీతము ఇవ్వరాదని భారత ప్రభుత్వము కనీస సూచిక వేతనాలు నిర్ణయిస్తుంది. 2020 సెప్టెంబరులో వీటిని 30 నుండి 50 శాతము వరకు తగ్గించి, బహ్రెయిన్, ఒమన్, ఖతర్, యు.ఏ.ఇ. దేశాలకు నెలకు 200 డాలర్లు, కువైట్‌కు 245 డాలర్లు, సౌదీ అరేబియాకు 324 డాలర్లుగా నిర్ణయించినది. వేతనము ఎక్కువైతే గల్ఫ్ యజమానులు ఇతర దేశాల కార్మికులను తీసుకుంటారని, భారతీయులకు అవకాశాలు తగ్గుతాయని తగ్గింపును సమర్థించినవారి వాదన. పనిలో ఉన్నవారి జీతాలు కూడా దీనితో తగ్గుతాయని కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. ఈ విషయము తెలంగాణ హైకోర్టు వరకు పోయినది. 2021లో ప్రభుత్వము ఆ తగ్గింపును ఉపసంహరించినది.

కఫాలా పద్ధతి

గల్ఫ్ దేశాలలో కార్మికుని వీసా ఒక యజమానికి ముడిపడి ఉండే పద్ధతిని కఫాలా అంటారు. ఆ యజమానిని కఫీల్ అంటారు. కఫీల్ అనుమతి లేకుండా పని మారుట, కొన్ని దేశాలలో దేశము విడిచి పోవుట సైతము వీలయ్యేది కాదు. జీతము ఇవ్వని యజమాని వద్ద నుండి పారిపోయిన కార్మికుడు చట్టవిరుద్ధ నివాసి అవుతాడు. గల్ఫ్‌లోని తెలుగువారు ఇటువంటివారిని 'ఖల్లివెల్లి' అంటారు. ఖతర్ చాలామంది కార్మికులకు నిష్క్రమణ అనుమతిని 2018లో తొలగించినది, పని మారుటకు యజమాని అంగీకారము అవసరము లేదని 2020లో నిర్ణయించినది. సౌదీ అరేబియా 2021 మార్చిలో కొన్ని సడలింపులు చేసినది. యు.ఏ.ఇ. 2007, 2018, 2024 సంవత్సరాలలో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అనేకమంది తెలుగు కార్మికులు జరిమానా లేకుండా స్వదేశానికి తిరిగివచ్చారు.

విదేశములో మరణించినవారి భౌతికకాయాలు కూడా శంషాబాదు విమానాశ్రయమునకే చేరుతాయి. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయము ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించినది.

అమెరికా వలసలు

విద్యావంతుల వలస మరొక రీతిలో సాగినది. 1965 నాటి అమెరికా వలస చట్టము దేశాలవారీ పాత కోటాలను తొలగించినది. 1990 చట్టము ద్వారా హెచ్-1బి వీసా ఏర్పడినది. సాఫ్ట్‌వేర్ రంగము పెరుగుటతో తెలుగువారి సంఖ్య వేగముగా హెచ్చినది. 2010-2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతము పెరిగినట్లు అక్కడి జనగణన సంస్థ సర్వేల ఆధారముగా లెక్కించబడినది. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ఏర్పడినది.

హెచ్-1బి వీసా కూడా ఒక యజమాని పేరుననే వస్తుంది. మరొక సంస్థ దరఖాస్తు చేసినచో పని మారవచ్చును గనుక ఇది కఫాలా అంత కఠినము కాదు. అయినను ఉద్యోగము పోయినవారు సాధారణముగా 60 రోజులలో మరొక ఉద్యోగము చూసుకొనవలెను, లేదా హోదా మార్చుకొనవలెను. శాశ్వత నివాసపు గ్రీన్ కార్డులలో ఏ ఒక్క దేశానికీ 7 శాతమునకు మించి ఇవ్వరాదనే నియమము వలన భారతీయులు చాలా ఏళ్ళు వేచి ఉండవలసి వస్తున్నది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు ప్రకటన చేశాడు.

ప్రవాసులు పంపే సొమ్ము

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారము 2024లో ప్రవాసుల నుండి భారతదేశానికి సుమారు 12,900 కోట్ల డాలర్లు వచ్చినవి. ఇది ప్రపంచములో మొదటి స్థానము. భారతీయ రిజర్వ్ బ్యాంకు 2023-24 సర్వే ప్రకారము ఈ సొమ్ములో అమెరికా వాటా 27.7 శాతము, యు.ఏ.ఇ. వాటా 19.2 శాతము. సొమ్ము అందుకున్న రాష్ట్రాలలో మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తరువాత తెలంగాణ 8.1 శాతముతో నాలుగవ స్థానములో ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్ వాటా 4.4 శాతము. ఈ సొమ్ము ఇంటి నిర్మాణము, పిల్లల చదువు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, పాత అప్పులు తీర్చుటకు ఎక్కువగా వినియోగము అవుతుంది.

ఇతర రాష్ట్రాల నుండి వచ్చే కార్మికులు

శంషాబాదు చుట్టూ బాహ్య వలయ రహదారి, గిడ్డంగులు, విమాన విడిభాగాల కర్మాగారాలు, గృహ సముదాయాలు పెరుగుటతో కార్మికుల అవసరము పెరిగినది. ఈ పనులలో బయటి రాష్ట్రాలవారు అధికముగా ఉండుటకు జనాభా తేడాలు ఒక కారణము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఒక స్త్రీకి కలిగే పిల్లల సగటు సంఖ్య తెలంగాణలో 1.8, ఆంధ్ర ప్రదేశ్‌లో 1.7 కాగా బీహారులో 3.0. జనాభా స్థిరముగా ఉండుటకు ఈ సంఖ్య 2.1 ఉండవలెను. స్థానిక యువకుల సంఖ్య పెరగక, వారిలో కొందరు చదువుల వైపు, మరికొందరు గల్ఫ్ వైపు పోగా ఏర్పడిన ఖాళీలను ఉత్తరాది కార్మికులు పూరిస్తున్నారు.

వీరిలో చాలామంది ముఠా మేస్త్రీల ద్వారా ముందస్తు అప్పు తీసుకొని వస్తారు. ఒడిషాలో దాదన్ అనబడే ఈ పద్ధతిలోని దోపిడీని అరికట్టుటకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినది. ఇది 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయినది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది.

స్థానికుల జీతాలపై ప్రభావము

బయటివారు వస్తే స్థానికుల పని పోతుందనే అభిప్రాయము అన్ని దేశాలలోను ఉన్నది. దేశములో పని పరిమాణము స్థిరము అనే ఊహ దీనికి మూలము. కాని వచ్చినవారు పనివారు మాత్రమే కాదు, కొనుగోలుదారులు కూడా. వారి తిండి, అద్దె, ప్రయాణాల వలన కొత్త పనులు పుడతాయి.

ఈ విషయముపై ప్రసిద్ధమైన పరిశోధన అమెరికాలో జరిగినది. 1980లో క్యూబా నుండి సుమారు 1,25,000 మంది కొద్ది నెలలలో అమెరికాకు రాగా, మయామీ నగరపు కార్మికుల సంఖ్య 7 శాతము పెరిగినది. స్థానికుల జీతాలపై దాని ప్రభావము దాదాపు లేదని డేవిడ్ కార్డ్ 1990లో తేల్చాడు. ఈయనకు 2021లో నోబెల్ పురస్కారము లభించినది. ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేయనివారిని మాత్రమే విడిగా చూస్తే జీతాలు బాగా తగ్గినవని జార్జ్ బోర్హాస్ 2017లో వాదించాడు. ఈ వాదము నేటికీ ముగియలేదు. అయితే వచ్చినవారి నైపుణ్యము స్థానికులకు పోటీయా, తోడా అనేదానిపై ప్రభావము ఆధారపడుతుందని ఇరు పక్షాలూ అంగీకరిస్తాయి. వచ్చిన కూలీ స్థానిక కూలీకి పోటీ కావచ్చును గాని, స్థానిక మేస్త్రీకి, కిరాణా వ్యాపారికి, ఇల్లు అద్దెకిచ్చేవారికి తోడు అవుతాడు.

సాంస్కృతిక సమ్మేళనము

వలస వచ్చినవారు స్థానిక సమాజములో ఎంతవరకు కలిసిపోతారనేది వారి స్వభావముపై కంటే, అక్కడ వారికి ఉన్న భవిష్యత్తుపై ఎక్కువగా ఆధారపడుతుంది.

బార్కస్ అరబ్బులు తరతరాలుగా స్థిరపడుట వలన ఉర్దూ మాట్లాడతారు, కాని లుంగీ కట్టు, హరీస్ వంటకము, కహ్వా పానీయము నిలుపుకున్నారు. హైదరాబాదువారు హరీస్‌ను తమ వంటకముగానే భావిస్తారు. అమెరికాలోని తెలుగువారికి పౌరసత్వము పొందే దారి ఉన్నందున వారు అక్కడే ఇళ్ళు కొని, ఉత్తర అమెరికా తెలుగు సంఘము (తానా) వంటి సంస్థలు స్థాపించుకుని, పిల్లలకు తెలుగు నేర్పుటకు 2007 నుండి సిలికానాంధ్ర మనబడి వంటి పాఠశాలలు నడుపుతున్నారు. గల్ఫ్ దేశాలలో సామాన్య కార్మికునికి పౌరసత్వము దాదాపు అసాధ్యము. యు.ఏ.ఇ., ఖతర్ జనాభాలో అత్యధికులు విదేశీయులే అయినను, కార్మికులు శిబిరాలలో విడిగా నివసిస్తారు, కుటుంబమును తీసుకుపోలేరు. ఇరవై ఏళ్ళు పనిచేసినా తిరిగి రావలసినదే. కాటేదాన్‌లోని బీహారు కార్మికుడు భారత పౌరుడే అయినను, అద్దె గదిలో నలుగురైదుగురితో కలిసి ఉండి, కుటుంబమును ఊరిలోనే వదిలివచ్చినంత కాలము అతని పరిస్థితి గల్ఫ్ శిబిరములోని తెలుగు కార్మికుని పరిస్థితిని పోలి ఉంటుంది.

2020 కరోనా కాలము

2020లో లాక్‌డౌన్ విధించినప్పుడు ఈ రెండు ప్రవాహాలూ ఒకేసారి వెనుకకు మళ్ళినవి. ఏప్రిల్ చివరలో సంగారెడ్డి జిల్లా కంది వద్ద నిర్మాణ కార్మికులు తమను ఇళ్ళకు పంపాలని ఆందోళన చేశారు. మే 1న హైదరాబాదులోని లింగంపల్లి స్టేషను నుండి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశములోనే మొదటి శ్రామిక్ రైలు బయలుదేరినది. మే 9న వందే భారత్ మిషన్ క్రింద కువైట్ నుండి ప్రవాసులతో ఒక విమానము శంషాబాదు చేరినది. తొమ్మిది రోజుల వ్యవధిలో ఒకే నగరము తన వద్దకు వచ్చినవారిని పంపివేసినది, తన నుండి పోయినవారిని తిరిగి చేర్చుకున్నది. ఆ తరువాత పనులు ఆగిపోయి, నిర్మాణ సంస్థలు పోయిన కార్మికులను తిరిగి రప్పించుకొనుటకు ప్రయత్నించవలసి వచ్చినది.

ఫలితమును నిర్ణయించే అంశాలు

పై ఉదాహరణలలో దేశము, భాష, చదువు వేరైనను రెండు అంశాలు అన్నిటిలోను కనిపిస్తాయి. మొదటిది, ప్రయాణపు ఖర్చును ఎవరు భరిస్తున్నారు అనేది. ఏజెంటుకు గాని, మేస్త్రీకి గాని అప్పుపడి బయలుదేరిన కార్మికుడు తక్కువ జీతమును సైతము కాదనలేడు. రెండవది, యజమానిని మార్చుకొనే స్వేచ్ఛ. కఫాలా, హెచ్-1బి, ముందస్తు అప్పు - ఈ మూడూ వేర్వేరు స్థాయిలలో ఆ స్వేచ్ఛను పరిమితము చేస్తాయి. స్వేచ్ఛ లేని కార్మికునికి జీతము పెరగదు. తక్కువ జీతానికి పనిచేయక తప్పని కార్మికుడు పక్కన ఉన్నప్పుడు స్థానిక కార్మికుని జీతమూ పెరగదు. కాబట్టి వలస వచ్చినవారి హక్కుల రక్షణ స్థానికుల ప్రయోజనమునకు వ్యతిరేకము కాదని, అది వారి జీతాలకు కూడా రక్షణ అని పలువురు ఆర్థికవేత్తలు భావిస్తారు.

ఇవి కూడా చూడండి

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము
బార్కస్
కఫాలా
కాటేదాన్ పారిశ్రామికవాడ
పాలమూరు కూలీలు
ప్రవాసాంధ్రులు